ఎడారి బండి ఎయిర్ ఫిల్టర్: దులపడం కన్నా సరిగ్గా కూర్చోబెట్టడం ముఖ్యం

పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి అబుదాబిలో పనిలో చేరిన ఒక తమ్ముడు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నారు. లివా ఇసుక తిన్నెలకు వెళ్లివచ్చిన ప్రతిసారీ ఎయిర్ ఫిల్టర్ విప్పి కంప్రెసర్ గాలి కొట్టిస్తున్నా ఇంజన్ ఆయిల్ తగ్గుతోందని, కారణమేమిటని అడిగారు. తమ్ముడూ, ఫిల్టర్‌ను అన్నిసార్లు విప్పడం మీదే నాకు మొదటి అనుమానం.

ఎండాకాలంలో మన బండ్లబాటల మీద దుబ్బ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మా నాన్న ట్రాక్టర్‌కు ఆయిల్ బాత్ ఫిల్టర్ (గాలిలోని ధూళిని గిన్నెలోని ఆయిల్‌తో పట్టేది) ఉండేది. దున్నకాలపు రోజుల్లో ఆయన పొద్దున్నే కింది గిన్నె విప్పి, బురదలా మారిన ఆయిల్ పారబోసి, గీత దాకా కొత్తది పోసి, రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూశాకే ఇంజన్ స్టార్ట్ చేసేవారు. ఆ వేలితో తడమడం నేను ఇక్కడికి వచ్చాక మరిచిపోయాను.

2011లో ఒక గ్యారేజీలో నా బండికి కొత్త ఫిల్టర్ వేశారు. దాని రబ్బరు అంచు ఒక మూలన మడతపడింది. క్లిప్పులన్నీ పడ్డాయి కదా అని నేనూ చూసుకోలేదు. ఆరు నెలలకు నీలం పొగ, అంటే ఆయిల్ మండుతున్న గుర్తు, మొదలైంది. ఫిల్టర్ తర్వాతి పైపు విప్పి, తెల్లగుడ్డ చుట్టిన వేలును లోపల తిప్పితే గోధుమరంగు గీత వచ్చింది. అప్పటికే సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకు వచ్చింది, ఊళ్లో ఇంటి స్లాబు కోసం దాచిన డబ్బంతా దానికే పోయింది. మీరు ఈ రోజే చేయవలసిన పరీక్ష అదే: ఆ పైపులో ధూళి కనబడితే, ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా గాలి పక్కదారిన వెళ్తున్నట్టే.

తిన్నెల ఇసుక గింజ బరువైనది, చాలావరకు ఫిల్టర్ డబ్బా అడుగునే పడిపోతుంది. గట్టిబాట మీద ముందు బండి లేపే పిండిలాంటి ధూళే ఇంజన్‌ను తింటుంది, ఎందుకంటే పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల మందమే. అందుకే వరుసగా వెళ్లేటప్పుడు ముందు బండి దుబ్బ తేలిపోయేంత ఎడం పాటించండి.

కాస్త ధూళి పట్టిన కాగితం ఫిల్టర్ కొత్తదాని కన్నా బాగా వడగడుతుంది. పదేపదే విప్పితే అంచు మీది ధూళి లోపలి వైపు రాలుతుంది, గట్టిగా గాలి కొడితే కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. దారిలో తప్పనిసరైతే గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ దాటకుండా, నాజిల్‌ను దూరంగా పట్టుకొని, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు కొట్టండి. తర్వాత చీకట్లో వెనక నుంచి బల్బు పట్టి చూసినప్పుడు సూదిమొనంత వెలుగు కనబడినా దాన్ని పారేయండి. కొన్ని బండ్లలో లోపల రెండో చిన్న ఫిల్టర్ ఉంటుంది. దాన్ని దులపకూడదు, మార్చాలి.

బిగించేటప్పుడు ముందుగా ఇంజన్ వైపు పైపు మూతిని గుడ్డతో మూసి, డబ్బాను తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రబ్బరు అంచును నాలుగు వైపులా వేలితో తడిమి, ఆ తర్వాతే క్లిప్పులు వేయండి. పైపులను బిగించే హోస్ క్లాంపులనూ, స్నార్కెల్ (గాలిని ఎత్తు నుంచి పీల్చే గొట్టం) ఉంటే దాని అతుకులనూ అదే శ్రద్ధతో చూడాలి. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్ వేస్తే, ఎక్కువైన ఆయిల్ గాలిని కొలిచే సెన్సర్ మీద పడి దాన్ని పాడుచేస్తుంది కాబట్టి పలుచగానే పూయండి.

డబ్బా అడుగున రబ్బరు ముక్కులాంటి వాల్వు ఉన్న బండి అయితే, ఎడారి నుంచి రాగానే ఇంజన్ ఆపి దాన్ని రెండు వేళ్లతో నొక్కండి. పేరుకున్న దుబ్బ గుప్పెడు కింద రాలుతుంది, ఫిల్టర్ విప్పే పనే ఉండదు.