ముల్లు సున్నాకు రాని కాంటా

ప్రశ్న: సార్, మా అమ్మ పత్తి ఏరడానికి పోతుంది. కిలోల లెక్కన కూలి. సాయంత్రం వేపకొమ్మకు స్ప్రింగ్ కాంటా తగిలించి మూటలు జోకుతారు. మూట తీశాక కూడా ముల్లు అరకిలో దగ్గరే ఆగి ఉంటుంది. అమ్మకు నష్టమేనా?
– పదో తరగతి విద్యార్థిని, పరకాల

జవాబు: బిడ్డా, ముందు ఆ కాంటాను వేలితో రెండుసార్లు తట్టి చూడు.

తట్టగానే ముల్లు సున్నాకు వచ్చిందంటే లోపల తుప్పో దుమ్మో పట్టిందన్నమాట. వెనక్కి రావడానికి మొరాయించే ముల్లు, కిందికి దిగడానికీ మొరాయిస్తుంది. 20 కిలోల మూటకు పందొమ్మిదిన్నరే చూపొచ్చు. నష్టం అమ్మకే. జోకే ప్రతిసారీ తట్టి చూడమని చెప్పు.

ఎంత తట్టినా కదలకపోతే స్ప్రింగే సాగిపోయి ఉంటుంది. అప్పుడు ప్రతి మూటకూ అరకిలో ఎక్కువే చూపిస్తుంది, నష్టం ఆసామికి! ఆయనకు చెప్పాలా వద్దా అనేది భౌతికశాస్త్రం తేల్చేది కాదు.

హన్మకొండలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో ల్యాబులో ఒకే ఒక మంచి స్ప్రింగ్ ఉండేది. 50 గ్రాముల బిళ్ల వేస్తే 2 సెంటీమీటర్లు సాగేది, 100 వేస్తే 4, 150కి 6. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి కొట్టినట్టు గీత వచ్చేది. ఓ రోజు ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని గుంజారు. సాగే హద్దు దాటింది. ఇక బిళ్ల లేకున్నా జానెడు వేలాడేది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. మీ కాంటాకూ ఎవరో మోయలేనంత మూట తగిలించి ఉంటారు.

బరువుకు తగ్గట్టు స్ప్రింగ్ సాగే ఈ లెక్క కనిపెట్టింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. ఎవరూ కాజేయకుండా, దాన్ని చెప్పే లాటిన్ మాటలోని 14 అక్షరాలను అక్షరమాల వరుసలో పేర్చి 1676లో పొడుపుకథలా అచ్చేశాడు. 1678లో తనే విప్పాడు: ‘ఉట్ టెన్సియో, సిక్ విస్’. సాగుడు ఎంతో బలం అంత. మనం రోజూ పడే టెన్షన్ ఈ లాటిన్ మాట నుంచి వచ్చిందే!

కాంటా మీద నమ్మకం లేకపోతే ఏడడుగుల గట్టి కట్టె చాలు. సరిగ్గా నడుమ తాడు కట్టి కొమ్మకు వేలాడదీయండి. ఖాళీగా ఉన్నప్పుడు అడ్డంగా నిలవాలి. నడుమ నుంచి 2 జానల దూరంలో మూట కట్టి, రెండో వైపు నీళ్ల క్యాన్ తగిలించి జరుపుతూ పోండి. లీటరు నీళ్లు కిలో లెక్క. క్యాన్‌తో కలిపి 10 కిలోలు 4 జానల దగ్గర తూగాయనుకో, పదినాలుగులు 40. మూట వైపు కూడా 40 రావాలి, అక్కడ దూరం 2. అంటే మూట 20 కిలోలు. బరువును దూరంతో హెచ్చిస్తే వచ్చే ఈ తిప్పే బలాన్నే బలభ్రామకం అంటాం. తలుపును గొళ్లెం దగ్గర తోస్తే చిటికెన వేలు చాలు, బందుల దగ్గరైతే భుజం పెట్టాల్సి వచ్చేది ఇందుకే.

జానలు మాత్రం ఒక్కరివే కొలవండి. మూట వైపు అమ్మవి, క్యాన్ వైపు నీవి అయితే మళ్లీ ఎవరికో ఒకరికి నష్టమే.