పాత బొమ్మ పిస్తోళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఒహాయోలో పాత సామాన్ల సంతలో ఒక ఇనప క్యాప్ పిస్తోలు (చిటికెడు మందున్న క్యాప్ పెట్టి టప్పుమని పేల్చే బొమ్మ తుపాకీ) కొన్నాడు. 1890 నాటిదని చెప్పి అమ్మారట. నమ్మవచ్చా? (గుంటూరు)

జవాబు: దాని మీది పేరు చదవకముందే లోహం చూడమనండి. చిన్న అయస్కాంతాన్ని గొట్టానికీ పిడికీ ఆనించాలి. ట్రిగ్గర్ దగ్గర వద్దు. జింకు పిస్తోలులో కూడా స్ప్రింగూ పిన్నులూ ఉక్కువే, అక్కడ పెడితే అంటుకుని మోసం చేస్తుంది. గొట్టానికి అంటుకోకపోతే అది ఇనుము కాదు, చాలావరకు జింకు పోత. అమెరికాలో క్యాప్ పిస్తోళ్లు పోత ఇనుము నుంచి జింకుకు మళ్లింది ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. కాబట్టి 1890 మాట అక్కడితో తేలిపోతుంది.

అంటుకున్నా అప్పుడే సంబరపడవద్దు. పాత నమూనాలను చూసి ఈ మధ్య పోసిన నకళ్లు సంతల్లో బోలెడు. అసలు పిస్తోలును రెండు చెక్కలుగా పోసి, ఒకదానికొకటి ఆనించి రివెట్లు కొట్టేవారు. అతుకు మీద గోరు నడిపితే దాదాపు తగలదు. మెత్తటి ఇసుక అచ్చులో పోశారు కనుక ఒళ్లు నున్నగా ఉంటుంది. నకలైతే గరుకు కాగితంలా ఉంటుంది, చెక్కల మధ్య సందు కనబడుతుంది. రివెట్ ఉండాల్సిన చోట ప్లస్ గాడి స్క్రూ ఉంటే ఇక వాదనే లేదు. ఆ స్క్రూలు వాడకంలోకి వచ్చిందే 1930ల మధ్యలో. తుప్పు రంగూ చూడండి. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ రంగులో, లోహానికి కరుచుకుని ఉంటుంది. నారింజ రంగులో ఉండి వేలికి పొడిలా అంటితే అది కావాలని పట్టించినదని అనుమానించాలి.

కిల్‌గోర్, కెంటన్ అనే పేరున్న కంపెనీలు రెండూ ఒహాయోవే. కనుక అక్కడ అసలు సరుకు దొరకడంలో వింతేమీ లేదు. ఒక్క హెచ్చరిక: పోత ఇనుము పెళుసు. గుర్తు పట్టాలని హ్యామర్ (క్యాప్ మీద కొట్టే సుత్తి లాంటి భాగం) లాగి వదిలి చూడవద్దు, విరగవచ్చు.

ప్రశ్న: అటక మీద రేకు రీలు తుపాకీ, దాంతోపాటు శివకాశి రీళ్ల పెట్టె దొరికాయి. ఏ కాలానివో ఎలా తెలుసుకోవాలి? (వరంగల్)

జవాబు: మన దీపావళి తుపాకులను సేకరించేవాళ్లు ఇంకా తక్కువే, మీ పెట్టెను దయచేసి పారేయకండి. రేకు తుపాకీ మీద చాలాసార్లు ఏ అక్షరమూ ఉండదు. పెట్టె ఒక్కటే సాక్ష్యం.

ముందు ధర చూడండి. అణాల్లో ఉంటే 1957కు ముందు ముద్రించింది కావచ్చు. నయాపైసలని ఉంటే 1957 ఏప్రిల్‌కీ 1964 జూన్‌కీ మధ్యది. తర్వాత చిరునామా. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు. శివకాశి 1985 దాకా రామనాథపురం జిల్లాలో ఉండేది. పెట్టె మీద ఆ జిల్లా పేరుంటే అంతకు పాతదే కావచ్చు. రాష్ట్రం పేరు తమిళనాడు అయింది 1969లో.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొత్త గుర్తు కనబడితే పెట్టె అంతకు ముందుది కాదని ఖాయంగా చెప్పవచ్చు. పాత గుర్తు కనబడితే మాత్రం అంత గట్టిగా చెప్పలేం, మిగిలిపోయిన లేబుళ్లను తర్వాత కూడా అంటించి ఉండవచ్చు. అందుకే రెండు మూడు గుర్తులు ఒకే కాలాన్ని చూపితేనే తేదీ రాసుకోండి. తుపాకీ, పెట్టె ఒకే చోట దొరికినంత మాత్రాన ఒకే ఏటివీ కావు.

పెట్టెలో రీళ్లు మిగిలి ఉంటే వాటిని గీకవద్దు, ఎండలో పెట్టవద్దు, పోస్టులో పంపవద్దు. అందులోది ఎర్ర భాస్వరం, పొటాషియం క్లోరేట్ మిశ్రమం. ఎంత పాతదైనా రాపిడికే పేలగలదు. చేతులతో నలపకుండా బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఖాళీ పెట్టెను మాత్రం దాచుకోండి.

ప్రశ్న: నా జింకు పిస్తోలు మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. పిడి దగ్గర సన్నటి బీటలు కూడా ఉన్నాయి. చింతపండుతో తోమవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: వద్దు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏదైనా పులుపే, జింకును తినేస్తుంది, పైన ఉన్న నికెల్ పూతనూ లేపేస్తుంది. ఇత్తడి మెరుగుపెట్టే పాలిష్ కూడా పనికిరాదు. పూత చాలా పల్చన, నాలుగుసార్లు రుద్దితే కింద బూడిద రంగు బయటపడుతుంది. అక్కడితో విలువ పోయినట్టే.

మీ పిస్తోలుకు రెండు జబ్బులు ఉన్నట్టున్నాయి. తెల్ల పొడి పైపై తేమ వల్ల వచ్చేది. క్యాపులు పేల్చాక మిగిలే మసి గాలిలో తేమను లాగి లోహాన్ని కొరుకుతుంది, సముద్రపు ఊళ్లలో మరీను. మెత్తటి టూత్‌బ్రష్‌ను నీళ్లలో ముంచి బాగా విదిలించి, హ్యామర్ కింద, క్యాప్ పెట్టే గూట్లో నెమ్మదిగా తోమండి. వెంటనే బట్టతో తుడిచి, ఫ్యాను కింద ఒక రోజు ఆరనివ్వండి. కదిలే చోట కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు.

బీటలు వేరే సంగతి. పోత పోసేటప్పుడు జింకులో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోపల్నుంచి పంటి పుచ్చులా పాడవుతుంది. ఒళ్లు ఉబ్బి హ్యామర్ బిగుసుకుపోతుంది. దీనికి మందు లేదు. పక్కనున్న వాటికి అంటదు కూడా, భయపడకండి. విప్పే ప్రయత్నం చేస్తే ముక్కలవుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, పొట్లాలను అప్పుడప్పుడు మార్చండి. హ్యామర్ దించే ఉంచాలి, లేకపోతే స్ప్రింగు నీరసిస్తుంది. న్యూస్‌పేపరులో చుట్టవద్దు.

ప్రశ్న: నా బొమ్మ పిస్తోలు గొట్టం చివర నారింజ రంగు ముక్క ఉంది. తీసేస్తే అందంగా ఉంటుంది కదా? (డాలస్)

జవాబు: తీయవద్దు, రంగు వేయవద్దు. నిజం తుపాకీ అని పొరబడకుండా 1989 నుంచి అమెరికాలో అమలైన నిబంధన అది. మీ పిస్తోలు ఆ తర్వాతిది కావచ్చని చెప్పే గుర్తు కూడా అదే. ఇండియాకు తెచ్చేటప్పుడు చేతి సంచిలో పెట్టుకోవద్దు. బొమ్మదైనా, ఎంత పాతదైనా భద్రతా తనిఖీలో ఆపేస్తారు.