పటంలో శిలువ గుర్తులు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆంగ్లేయులు అమెరికా వలసలకు గీసుకున్న తొలి పటాల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పడ్డ శ్రమ తెలుస్తూనే ఉంది. అయితే సాహస నావికులు తెలియని తీరాలను ప్రపంచానికి చూపించారని మొదటి పేరాలోనే తేల్చేయడంతో, ఆ పటాలు చెప్పే మాటకు నీ వ్యాసంలో చోటు దొరకలేదు.

వర్జీనియాలో ఆంగ్ల వలస నాయకుల్లో ఒకడైన కెప్టెన్ జాన్ స్మిత్ పటాన్ని మళ్ళీ ముందు పెట్టుకుని చూడు. 1608 వేసవిలో అతను పదిహేనుమందికి మించని బృందంతో, పైకప్పు లేని పడవలో, చెసాపీక్ అఖాతాన్ని రెండు విడతలుగా తిరిగాడు. ఆ వివరాలతో విలియం హోల్ చెక్కిన వర్జీనియా పటం 1612లో అచ్చయింది. అందులో పడమర పైన ఉంటుంది, అంటే సముద్రం మీదుగా వచ్చేవారికి నేల ఎలా ఎదురవుతుందో అలాగే. నదుల వెంట వేలు పెట్టి పైకి పోతే అక్కడక్కడా చిన్న శిలువ గుర్తు తగులుతుంది. అక్కడిదాకా తాము కనుగొన్నదనీ, ఆవలిది ఇతరులు చెప్పగా తెలిసినదనీ పటం మీదే రాసి ఉంది. ఆ చెప్పినవారు అక్కడి ఆదివాసులైన పౌహాటన్ ప్రజలు, వారి ఇరుగుపొరుగు జాతులవారు. స్మిత్ స్వయంగా గీసి చూపిన ఆ హద్దును చెరిపేసి, నువ్వు ఘనతనంతా అతనికే కట్టబెట్టావు. నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించినది ఇదే.

అలాగని స్మిత్ పటంలో ప్రతిదీ కళ్ళారా చూసి గీసినదని కూడా అనుకోకు. కుడివైపు విల్లు పట్టుకుని నిలబడ్డ ససక్వెహానాక్ అనే ఆదివాసి జాతి వీరుడి బొమ్మకు మూలం, అంతకుముందు రోనోక్ దీవిలోని ఆంగ్ల వలసకు వెళ్ళిన చిత్రకారుడు జాన్ వైట్ చిత్రాల ఆధారంగా ప్రచురణకర్త డి బ్రై 1590లో ప్రచురించిన చెక్కుడు బొమ్మలు.

వైట్ గురించి నువ్వు రాసిన పేరాలో తొందరపాటు ఉంది. అతని పటం మీద అతికించిన ఒక కాగితం ముక్క కింద కోట గుర్తు దాగి ఉందని 2012లో బ్రిటిష్ మ్యూజియంలో వెలుతురు పెట్టి చూసినప్పుడు బయటపడింది. రోనోక్ నుంచి జాడ తెలియకుండా మాయమైన ఆంగ్ల వలసదారులు అక్కడికే వెళ్ళారని నువ్వు నిశ్చయంగా రాశావు. ఆ గుర్తు ఒక ఆలోచనను సూచిస్తుందే తప్ప, అక్కడ కోట కట్టారనీ, మనుషులు చేరారనీ రుజువు చేయదు. పైగా తప్పు దిద్దడానికి కాగితం అతికించడం ఆనాటి పటకారులకు మామూలే.

స్మిత్‌దే అయిన 1616 నాటి న్యూ ఇంగ్లండ్ పటాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, అది పెంచు. స్థానికుల ఊళ్ళ పేర్లు తీసేసి, బాలుడైన యువరాజు ఛార్లెస్ చేత ఇంగ్లిష్ పేర్లు పెట్టించారు. అకోమాక్ అలా ప్లిమత్ అయింది. వలసదారులు అక్కడ దిగింది 1620లో.

జాన్ ఫారర్ 1651 పటాన్ని వెక్కిరించిన వాక్యం మాత్రం తీసెయ్యి. జేమ్స్ నది మొదలు నుంచి పది రోజులు నడిస్తే పడమటి సముద్రం వస్తుందని వర్జీనియాలో అడుగైనా పెట్టని ఆయన రాశాడంటే, ఆసియా సంపదకు దగ్గరి దారి దొరకాలన్న ఆశ లండన్‌లో ఎంత బలంగా ఉండేదో చూపించు. ఆ పటంలో శిలువ గుర్తులు ఉన్నాయో లేవో చూసి, ఆ సంగతి కూడా అక్కడే ప్రస్తావించి, తిరగరాసిన ప్రతిని నాకు పంపు.