జంతు వైద్యశాలలో ఒక్క రోజుకే ఏడ్చిన అమ్మాయికి పశువైద్యం తగునా?

ప్రశ్న: మా అమ్మాయి పశువైద్యం చదువుతానని పట్టుబడుతోంది. సెలవుల్లో ఒక రోజంతా జంతు వైద్యశాలలో ఉండి, రాత్రి ఇంటికి వచ్చి భోజనం ముట్టకుండా ఏడ్చింది. అయినా మళ్లీ వెళ్తానంటోంది. మనుషుల వైద్యంలో సీటు రానివాళ్లే ఇది చదువుతారని బంధువులు అంటున్నారు. పాడి పశువుల జోలికి పోకుండా కుక్కలు, పిల్లుల క్లినిక్ పెట్టుకుంటే తేలికగా ఉంటుందేమో, రెంటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీరు పోలిక అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది అమ్మాయి కన్నీళ్లేనని మీ ఉత్తరం చెబుతోంది. ఏడవడం ఈ చదువుకు అనర్హత కాదు. ఆ రోజు ఆమె ఏం చూసిందో మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు కాబట్టి, తీరికలేని రోజు ఎలా ఉంటుందో నేనే చెబుతాను.

ఉదయం రాగానే రాత్రి చేర్చుకున్న జంతువులను పరీక్షించి, ఖాళీ కడుపుతో తెచ్చినవాటిని ఆపరేషన్లకు సిద్ధం చేస్తారు. టీకాలు, చెవిపోట్లు, చర్మవ్యాధులు ఒకదాని వెంట ఒకటి సాగుతుండగా, మలబద్ధకంతో ముక్కుతోందంటూ ఎవరో మగపిల్లిని తెస్తారు. పొట్ట తడిమితే వైద్యుడి చేతికి తగిలేది నిండి బిగుసుకుపోయిన మూత్రాశయం. మూత్రమార్గం మూసుకుపోయిన పిల్లికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది గనుక అనుకున్న ఆపరేషన్ వాయిదా పడుతుంది, బయట వేచి ఉన్నవారిలో ఒకరు గొంతు పెంచుతారు, అదే సమయానికి ఇంకొకరు ఫోన్ చేసి తమ పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ మాత్ర వేశామని చెబుతారు. ఆ మందును హాని లేకుండా విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలదు కాబట్టి దాన్నీ వెంటనే తీసుకురమ్మనక తప్పదు. ఈలోగా, నయంకాని జబ్బుతో తీసుకుంటున్న ముసలి కుక్కకు నొప్పిలేని మరణం ఇచ్చి, దాని యజమానిని ఓదార్చి, చేతులు కడుక్కుని, మొదటి టీకాకు కుక్కపిల్లను తెచ్చిన పిల్లల ముందుకు నవ్వుతూ వెళ్లాలి. ఆ రెండు గదుల మధ్య నడిచే నాలుగడుగులే ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం. రక్తానికి చాలామంది అలవాటు పడతారు.

ఇక మీరు తేలిక అనుకుంటున్న క్లినిక్ సంగతి. ఈ మధ్య నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి ఇదే మోజు, నాకు మాత్రం అనుమానాలు తగ్గడం లేదు. జంతువులంటే ప్రేమ ఉంటే చాలనుకుంటారు, కానీ రోజులో ఎక్కువ భాగం గడిచేది మనుషులతోనే. రోగి నోరు విప్పి చెప్పలేదు, చెప్పే యజమాని సగమే గమనించి ఉంటాడు, నయమయ్యే జబ్బే అయినా ఖర్చు భరించలేక ఆయన వెనక్కి తిరిగితే ఆ బాధతో పాటు నిందనూ వైద్యుడే మోయాలి. ఎక్స్‌రే, మత్తుయంత్రం, రక్తపరీక్షలు అన్నీ సొంత పెట్టుబడితో సమకూర్చుకోవాలి. పట్టా చేతికి రాగానే సొంత క్లినిక్ తెరవడాన్ని నేను సమర్థించను, అనుభవజ్ఞుల దగ్గర కొన్నేళ్లు పనిచేశాకే ఆ ఆలోచన చేయాలి.

పాడి పశువుల వైద్యంలో ప్రయాణాలు, తన్నులు, ఈనలేని ఆవు దగ్గర అర్ధరాత్రి శ్రమ తప్పవు. అయితే ఈనిన కొద్ది గంటల్లో కాల్షియం పడిపోయి లేవలేకపోతున్న ఆవుకు, గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా రక్తనాళంలోకి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు కాసేపట్లోనే లేచి నిలబడుతుంది. అంత త్వరగా ఫలితం కనిపించే చికిత్సలు ఏ వైద్యంలోనైనా కొద్దే. ఈ చదువుకు టీకాల తయారీ, ఆహార భద్రత, వన్యప్రాణుల వైద్యం వంటి దారులూ ఉన్నాయి. 2011లో ప్రపంచం నుంచి రిండర్‌పెస్ట్ అనే ప్రాణాంతక పశువ్యాధిని తుడిచిపెట్టినట్టు ప్రకటించగలిగారంటే దాని వెనుక ప్రధానంగా ఉన్నది పశువైద్యులూ వారి టీకాలే.

కొంచెం కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. బంధువుల మాటను మీరు ఖండించకుండా నాకు రాశారంటే, ఇంట్లో అమ్మాయి ముందు కూడా ఖండించి ఉండరు. ఒకే మనిషి అనేక జాతుల జీవులకు ఫిజీషియనూ సర్జనూ మత్తుడాక్టరూ కావలసిన వృత్తిని సీటు రానివారి చదువు అనడం తెలియనితనం, అది విని ఊరుకోవడం మీ తప్పు. అలసిపోయి వచ్చిన పిల్లకు ఆ రాత్రి కావలసింది మీ భయం కాదు, పక్కన కూర్చుని వినే ఓపిక.

ఆమె ఏడ్చిన తరువాత కూడా మళ్లీ వెళ్తాననడమే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. పంపండి. ఈసారి కొన్ని రోజులు వరుసగా క్లినిక్‌లోనూ, మరికొన్ని పాడి పశువులు చూసే వైద్యుడి వెంటా ఉండనివ్వండి. సాయంత్రం ఏ జంతువు ముద్దుగా ఉందని కాకుండా, ఏ కేసులో వైద్యుడు తికమకపడ్డాడు, ఎలా తేల్చుకున్నాడు అని అడగండి. ఆమె జవాబుల్లో కుతూహలం ఉంటే చదువు విషయంలో అడ్డు చెప్పకండి. పంపే ముందు మాత్రం మీ వైద్యుడిని కలిసి ముందస్తు రేబిస్ టీకా గురించి మాట్లాడండి. ఆ టీకా వేయించుకున్నా కరిచిన చోటును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, తక్షణం ఆసుపత్రికి వెళ్లాలని అమ్మాయికి స్పష్టంగా చెప్పండి.