డైటీషియన్‌కీ ఒక పెద్దదిక్కు కావాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి కాబట్టి మూడింటినీ కలిపి తీసుకున్నాను. మొదటిది పెద్ద ఉత్తరం, దానికి జవాబూ పెద్దదే.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే అండి. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను. ఎమ్మెస్సీ అయ్యాక ఇదే నా మొదటి ఉద్యోగం, ఆసుపత్రి మొత్తానికి డైటీషియన్‌ని నేనొక్కదాన్నే. డయాలసిస్ చేయించుకునే ఒకాయనకి కొబ్బరినీళ్ళు, అరటిపండు మానేయమని, ఉప్పు బాగా తగ్గించమని చార్ట్ రాసిచ్చి, ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి మరీ చెప్పాను. పాపం అన్నీ మానేశారు. అయినా తర్వాత వచ్చేసరికి పొటాషియం 6.7 ఉంది. డాక్టర్ గారు అందరి ముందూ "ఏం చెప్పావమ్మా వీళ్ళకి?" అన్నారు. ఆ తర్వాత వాళ్ళావిడ మాటల మీద తెలిసింది, ఉప్పు తగ్గించమన్నానని వాళ్ళమ్మాయి హైదరాబాద్ నుంచి లో సోడియం ఉప్పు ప్యాకెట్లు పంపిందట, కూరల్లో అదే వేస్తున్నారట. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారండి, నాకే నిద్ర పట్టడం లేదు, ఏ చార్ట్ రాస్తున్నా టెన్షన్. లండన్‌లో పనిచేసే నా ఫ్రెండ్‌కి చెబితే "నీకు సూపర్‌విజన్ లేదా, ఇలాంటివి ఎవరితో మాట్లాడతావ్?" అంది. మా మేనేజర్ గారిని అడిగితే "డిగ్రీ ఉంది కదా, మళ్ళీ నీకు పైన ఇంకొకరెందుకు?" అన్నారు. ఇది నిజంగా అవసరమా అండి? అవసరమైతే మన వైపు ఎక్కడ దొరుకుతుంది? — ఒక సోదరి, అమలాపురం

జవాబు: అవసరమేనమ్మా. డిగ్రీ ఉన్నవాళ్ళకే ఇంకా అవసరం, ఎందుకంటే డిగ్రీ రాగానే మన పక్కన ఉండి చూసేవాళ్ళు లేకుండా పోతారు.

ముందు ఆ ఉప్పు సంగతి చూద్దాం, చదివేవాళ్ళలో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు కూడా ఉంటారు. లో సోడియం ఉప్పులో కొంత సోడియం క్లోరైడ్ తగ్గించి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్న మనిషికి బీపీ తగ్గడానికి అది పనికొస్తుంది గానీ కిడ్నీలు పనిచేయని మనిషికి పొటాషియం చేత్తో తినిపించినట్టే. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉంటే మామూలు, 6.5 దాటిందంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ అమ్మాయి తండ్రి మీద ప్రేమతో, మీరు చెప్పినదాన్ని ఇంకా గట్టిగా పాటించాలని పంపింది. అంటే ఇది మీ మాట వినకపోవడం వల్ల జరగలేదు, వినడం వల్లే జరిగింది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇలాంటిది దొరకదు. "నువ్వు చెప్పిన సలహా వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాక ఏమైంది?" అని మిమ్మల్ని ఒకరు నెమ్మదిగా అడగాలి, అప్పుడు బయటపడుతుంది.

ఆ అడిగే పనినే సూపర్‌విజన్ అంటున్నారు. మన దగ్గర సూపర్‌వైజర్ అనగానే హాజరు పట్టీ, సెలవు చీటీ గుర్తొస్తాయి, మీ మేనేజర్ గారు కూడా అలాగే అనుకుని ఉంటారు. ఇది వేరు. అనుభవమున్న ఒకరితో గానీ సాటివాళ్ళ చిన్న బృందంతో గానీ, ముందే అనుకున్న తేదీకి, ముందే అనుకున్నంత సేపు కూర్చుని, మీరు చూసిన కేసుల్లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవాటిని విప్పి చూసుకోవడం. సైకోథెరపీ, సోషల్ వర్క్, నర్సింగ్ రంగాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బ్రిగిడ్ ప్రాక్టర్ అనే ఆవిడ 1980లలో దీనికి మూడు పనులున్నాయని చెప్పింది. పని ప్రమాణాలకు తగ్గట్టు ఉందా, పేషెంటుకు ప్రమాదమేమన్నా ఉందా అని చూడటం ఒకటి, నైపుణ్యం పెరిగేలా చూడటం రెండోది, పని భారంతో నలిగిపోయిన మనిషిని మళ్ళీ నిలబెట్టడం మూడోది. మీ ఉత్తరంలో ఈ మూడూ అడుగుతున్నారు, ఆ పేర్లు పెట్టి అడగలేదంతే. నిద్ర పట్టకపోవడం మూడోదాని కిందకొస్తుంది, దాన్ని చిన్న విషయమని వదిలేయకండి. ఇంకా కొన్నాళ్ళు అలాగే ఉంటే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి, సూపర్‌విజన్ వైద్యం కాదు.

మన వృత్తికి ఇది మరీ ఎందుకు కావాలో చెబుతాను. సర్జన్ కుట్టు విడిపోతే సాయంత్రానికల్లా ఆయనకే తెలిసిపోతుంది. మన సలహా పనిచేయకపోతే మాత్రం మనకు కబురు రాదు, ఆ పేషెంటు మళ్ళీ రాడు, అంతే. పైగా మన గోదావరి జిల్లాల్లో ఎదుటి మనిషి మొహం మీద కాదనడం అలవాటు లేదు కదా, "అలాగేనండి, తప్పకుండానండి" అని చార్ట్ మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికెళ్ళి ఎప్పటిలాగే తింటారు. బాగా చెప్పామనే తృప్తి మనకుంటుంది, వాళ్ళకు గౌరవంగా బయటపడ్డామనే తృప్తి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇలా గడిస్తే అనుభవం పెరిగిందని మనమనుకుంటాం, నిజానికి అదే చార్ట్ పదే పదే రాస్తూ ఉంటాం.

1983లో డొనాల్డ్ షాన్ అనే ఆలోచనాపరుడు పని చేస్తూ చేస్తూ ఆలోచించుకోవడం వేరు, పని అయ్యాక దాని మీద ఆలోచించుకోవడం వేరు అని విడదీసి చూపించాడు. మొదటిది మనందరం ఎంతో కొంత చేస్తాం, పేషెంటు మొహం మారితే మాట మారుస్తాం. రెండోదానికి టైం కేటాయించాలి. మీ కేసునే తీసుకుని రాసుకోండి. ఏం జరిగిందో చెప్పారు. దాంట్లోంచి ఏం అర్థమైంది? "ఉప్పు తగ్గించండి" అన్నారు గానీ ఇంట్లో ఏ ఉప్పు ఉంది, ఎవరు కొంటారు, వంట ఎవరిది అని అడగలేదు. నేర్చుకున్న చార్ట్‌లో ఆ గడి లేదు కాబట్టి అడగలేదు, మీకు శ్రద్ధ లేక కాదు. ఇక ముందు ఏం చేస్తారు? డయాలసిస్ వాళ్ళందరినీ ఉప్పు ప్యాకెట్ ఫోటో తెమ్మంటారు, అసెస్‌మెంట్ ఫారంలో ఒక వరుస పెంచుతారు. అక్కడితో ఆపకండి. కొబ్బరినీళ్ళు మానిన మనిషి కొబ్బరి పచ్చడి మానాడా? అరటిపండు మానిన ఇంట్లో అరటికాయ వేపుడు, కందా బచ్చలి కూర, పనసపొట్టు నడుస్తున్నాయా? ముక్కలు చిన్నగా కోసి ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పొటాషియం పోతుందని ఎవరన్నా చేసి చూపించారా? కోనసీమలో కొబ్బరి లేని వంటింటిని ఊహించుకుని చార్ట్ రాస్తే అది వేరే ఊరి చార్ట్ అవుతుంది.

మాంసకృత్తుల సంగతీ అంతే. డయాలసిస్ మొదలుకాకముందు రోజుకి కిలో బరువుకి 0.6 నుంచి 0.8 గ్రాములు చాలంటాం, మొదలయ్యాక 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి. చాలా ఇళ్ళల్లో పాత మాటే పట్టుకుని గుడ్డు, చేప పెట్టడం మానేస్తారు, మనిషి చిక్కిపోతాడు. మీరు శాకాహారుల ఇంట్లో పెరిగి ఉంటే చేపల గురించి అడగడం మీకే తట్టకపోవచ్చు, గోదావరి పక్క ఊళ్ళో చేప లేని వారం ఉండదు. మన పెంపకం మన ప్రశ్నల్లోకి ఎలా దూరుతుందో మనంతట మనకు కనపడదు, బయటి మనిషి చూపించాలి.

బృందంగా కూర్చుంటే వచ్చే లాభం ఇంకొకటి ఉంది. జులై, ఆగస్టుల్లో వరదొచ్చి లంక గ్రామాలకు దారి తెగిపోతే అక్కడి డయాలసిస్ పేషెంట్ల సంగతేంటి? ఒక విడత తప్పిపోయేలా ఉంటే ఆ రెండు మూడు రోజులకి నీళ్ళు, పొటాషియం మామూలు కంటే గట్టిగా కట్టడి చేసే ఆహారం ఏంటో ముందే కాగితం మీద రాసి, వాళ్ళ డాక్టరుకి చూపించి, జూన్‌లోనే ఇంట్లో పెట్టించాలి. అమలాపురంలో ఒకరు, రాజోలులో ఒకరు, పాలకొల్లులో ఒకరు విడివిడిగా తలపట్టుకునే బదులు నలుగురూ ఒక గంట కూర్చుంటే ఆ కాగితం తయారవుతుంది. మీ ఉప్పు పాఠం కూడా అంతే, ఇవాళ అది మీ ఒక్కరి దగ్గరే ఉంది. భీమవరంలో ఇంకో అమ్మాయికి అది తెలియాలంటే ఇంకో పేషెంటు పొటాషియం పెరగాలా?

ఎక్కడ దొరుకుతుందంటారా. 1963లో మొదలైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష పెడుతుంది, దానికి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అడుగుతుంది. అక్కడిదాకా పక్కన ఒకరుంటారు. బ్రిటన్‌లో అయితే డైటీషియన్ రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే నేర్చుకుంటున్నదాని రికార్డు ఉంచుకోవాలి, కొందరివి తెప్పించి తనిఖీ చేస్తారు, అందుకే మీ ఫ్రెండ్‌కి సూపర్‌విజన్ లేకపోవడం వింతగా ఉంది. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం డైటీషియన్లను కూడా తన కిందకి తెచ్చింది, మంచిదే. కానీ నెల నెలా మీతో కూర్చునే మనిషిని చట్టం పంపదు, మనమే వెతుక్కోవాలి.

మీ ఇంటర్న్‌షిప్‌లో నేర్పినవాళ్ళనో, కాకినాడ, రాజమండ్రి ఆసుపత్రుల్లోని సీనియర్లలో మీకు నమ్మకమున్నవాళ్ళనో సూటిగా అడగండి, "మేడమ్, నెలకో గంట నా కేసులు వింటారా?" అని. అడిగించుకున్నవాళ్ళు సాధారణంగా సంతోషిస్తారు. ఆవిడ మీ ఆసుపత్రి మనిషి కాకపోతేనే మంచిది. వీడియో కాల్ చాలు. మొదటిసారే కొన్ని మాట్లాడుకోండి: పేషెంటు పేరు, ఊరు, ఫోటో చెప్పకూడదు, మాట బయటికి పోకూడదు, అయితే పేషెంటుకు హాని జరిగేలా ఉంటే మాత్రం ఆ విషయం డాక్టరుకి వెళ్ళాల్సిందే. ఆవిడకి కిడ్నీ వైపు అనుభవం లేకపోయినా ఫరవాలేదు, మీరు ఎలా ఆలోచించారో అడగగలదు. అంకెల సంగతి మీ నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును అడగండి. వాట్సాప్ గ్రూపులో ల్యాబ్ రిపోర్టు ఫోటో పెట్టి "ఏం డైట్ ఇవ్వాలి సీనియర్స్?" అనడం సూపర్‌విజన్ కాదు, అది పేషెంటు గుట్టు వీధిలో పెట్టడం.

డాక్టర్ గారితో కూడా ఒకసారి విడిగా మాట్లాడండి. సంజాయిషీలా వద్దు. "సార్, ఉప్పు వల్ల జరిగింది, ఇకమీదట అందరినీ ఇది అడుగుతున్నాను" అని రాసుకున్న కాగితం చూపించండి.

ప్రశ్న: భీమవరంలో మాది చిన్న ఆసుపత్రి. ఇద్దరు డైటీషియన్లు నెలకో గంట డ్యూటీ టైంలో సూపర్‌విజన్‌కి కావాలంటున్నారు. ఓపీ వదిలేసి కబుర్లా? నేను ఎలాగూ వాళ్ళ కేస్ షీట్లు చూస్తున్నాను కదా. — ఒక డాక్టర్ గారు

జవాబు: ఇవ్వండి డాక్టరు గారూ. మీరు చూసేది షీట్‌లో రాసినది, వాళ్ళు మాట్లాడుకోవాలనుకునేది షీట్‌లో రాయలేకపోయినది. ఇంక్రిమెంట్ మీ చేతిలో ఉన్నంతకాలం "ఈ కేసు నాకు అర్థం కాలేదు సార్" అని మీ దగ్గర అనడం వాళ్ళకి కష్టం, అది మీ తప్పూ కాదు వాళ్ళ తప్పూ కాదు. ఆ గంటలో ఏం మాట్లాడుకున్నారని అడగకండి, తేదీ, దానివల్ల పనిలో వచ్చిన ఒక మార్పు, ఈ రెండూ రాసిమ్మనండి చాలు. ఇద్దరూ ఒకేసారి కాకుండా మార్చి మార్చి వెళ్తే ఓపీ ఆగదు. వాళ్ళిద్దరే ఒకరికొకరు కాకుండా బయటి సీనియర్ ఒకరు ఉండేలా చూడండి, గౌరవ వేతనం ఏదో ఒకటి ఇస్తే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. రోజూ రిఫ్లెక్షన్ డైరీ రాయమన్నారు. "ఈరోజు షుగర్ పేషెంట్లకు కౌన్సెలింగ్ ఇచ్చాను, చాలా నేర్చుకున్నాను" అని రాస్తున్నాను. రోజూ అదే వస్తోంది. ఏం రాయాలి? — ఒక విద్యార్థిని

జవాబు: రోజూ రాయొద్దు తల్లీ, మీ గైడ్ గారు ఒప్పుకుంటే వారానికి ఒక్క కేసు రాయి. బాగా జరిగినది కాకుండా, ఇంటికొచ్చాక కూడా గుర్తొస్తున్నది ఎంచుకో. జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడానికి గిబ్స్ అనే ఆయన 1988లో చెప్పిన ఆరు మెట్ల పద్ధతి మీకు క్లాసులో చెప్పే ఉంటారు, అందులో నీకేమనిపించిందో రాసే మెట్టును మన పిల్లలు సిగ్గుపడి దాటేస్తారు, దాన్ని మాత్రం వదలకు.

ఉదాహరణకి ఇలా అనుకో. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటానన్న పెద్దావిడతో "షుగర్ ఉన్నవాళ్ళు ఉండకూడదండి" అన్నావు. ఆవిడ తలూపి వెళ్ళింది. ఉపవాసం ఉంది, పొద్దున్న షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర కూడా మానకుండా వేసుకుంది, మధ్యాహ్నానికి చెమటలు, షుగర్ 58. ఇప్పుడు "రోగి సలహా పాటించలేదు" అని రాస్తే ఆ పేజీ అక్కడికి అయిపోయింది. "ఎందుకు కూడదన్నాను? నాకు భయం వేసింది, మాత్రల గురించి నాకు గట్టిగా తెలియదు, ఆ సంగతి ఒప్పుకోలేక వద్దనేశాను. నేను వద్దనగానే ఆవిడ ఇక నాతో ఉపవాసం మాట ఎత్తలేదు" అని రాస్తే, అక్కడినుంచి తర్వాత అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఉపవాసం ఎలా ఉంటారు, పాలూ పళ్ళూ తీసుకుంటారా, నక్షత్ర దర్శనం అయ్యేదాకా నీళ్ళు కూడా ముట్టరా, మాత్ర ఏ టైంకి? ఇవి కార్తీకమాసం రాకముందే అడిగి, మోతాదు సంగతి డాక్టరుకి చేరవేయాలి. షుగర్ 70 కంటే పడితే ఉపవాసం విరమించాలని ఆవిడ చేతే ఒప్పించాలి, అది ఆవిడ ముందుగా తీసుకున్న నిర్ణయంలా ఉండాలి.

డైరీలో పేర్లు, ఓపీ నంబర్లు రాయకు. మీ గైడ్ గారిని మార్కులు వేయొద్దని, పేజీ పక్కన ఒక ప్రశ్న రాసిమ్మని అడుగు, తర్వాత వారం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టు.