కొడుకు రాసిన కథలో అమ్మ

ప్రశ్న: మాది కడప దగ్గర పల్లె. పదేండ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తున్నా. పిల్లోడు ఇంటర్ మొదటి ఏడాది, వాళ్ల జేజి దగ్గర ఉంటాడు. కాలేజీ పత్రికలో కథ రాసినాడు. దుబాయ్ నుంచి తల్లి వస్తే కొడుకు గుర్తుపట్టక ‘ఎవరు కావాల?’ అంటాడు అందులో. మా చెల్లెలు ఫోటో తీసి పంపింది. అప్పటినుంచి అన్నం దిగడం లేదు. నేనంటే వాడికి అంత కోపమా?

జవాబు: అమ్మా, మీరు పంపిన కథ మొత్తం చదివాను. మీరు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయినట్టున్నారు. దాని కింద పేరా చూడండి. తాళ్లతో కట్టిన కార్టన్ పెట్టె మీద తల్లి మార్కర్‌తో రాసిన అక్షరాలను ఆ పిల్లోడు వేలితో దిద్దుతాడు. టాంగ్ పొడి డబ్బా ఖాళీ అయినా పారేయనీయడు, పెన్నులు పెట్టుకుంటాడు. తల్లి పట్టనివాడు ఇవి రాయడు.

కథ పంచాయితీలో పెట్టిన ఫిర్యాదు కాదు. కువైట్‌ను దుబాయ్ చేశాడు, జేజిని తీసేశాడు, గుమ్మంలో నిలబడిన తల్లిని మాత్రం ఉంచాడు. వలసపోయిన ఇండ్ల కథల్లో తల్లీకొడుకుల మధ్య తరచూ పెట్టె, దుప్పటి, ఫోనే మాట్లాడతాయి. ‘తిన్నావా, ఫీజు కట్టినారా’ దాటి మాట సాగని చోట పిల్లోడి చేతికి అందేవి అవే మరి. కోపం లేదని నేననను. దాని పక్కనే ఎదురుచూపూ ఉంది.

ముందు ఆ ఫోటో ఇంకెవరికీ పంపొద్దని చెల్లెలికి చెప్పండి. బంధువుల గ్రూపులో పడితే వాడు మళ్లీ రాయడు. జేజితో తిట్టించడం అసలే వద్దు.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. వాడు రాత్రి తొమ్మిదిన్నరకు తీరుబడి అయితే మీకు ఏడు, వంటింట్లో ఊపిరాడని వేళ. అందుకే మొదట కాల్ వద్దు. పని ముగిశాక వాయిస్ మెసేజ్ పెట్టండి, రెండు నిమిషాలు మించకుండా. ‘కథ చదివినా నాయనా. ఆ డబ్బా ఇంకా ఉందా?’ చాలు. ‘నామీద కోపమా’ అని ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పనిలో పడి తన మాట మింగేస్తాడు. ‘నీకోసమే కదా’ అన్నదీ వద్దు, అది వాడికి అప్పులా వినిపిస్తుంది. డబ్బుల సంగతి వేరే రోజు.

తర్వాత వారానికి రెండు మెసేజ్‌లు, ఒక్కోదాంట్లో మీ రోజులోంచి ఒక్క నిజం. పడుకునే గది ఎలా ఉంటుందో, ఆ ఇంటి పిల్లలు మిమ్మల్ని ఏమని పిలుస్తారో. ఈ రెండోది చెప్పడం మీకు కష్టమే. కానీ మీరు దాస్తే వాడు ఇంకా ఘోరంగా ఊహించుకుంటాడు. వాట్సాప్‌లో మైకు గుర్తు నీలంగా మారితే విన్నట్టే. నెల దాకా జవాబు రాకపోయినా ఆపొద్దు. వాడు తిండి, కాలేజీ మానేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కువైట్‌లో ఇంటిపని వాళ్లకు 2015 చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఉంది. కఫీల్‌తో, అంటే మీకు వీసా ఇచ్చిన యజమానితో, ఇప్పుడే మాట్లాడి, వాడి పరీక్షలయ్యాక మే నెలకు పెట్టుకోండి. చెన్నైలో దిగితే ఎయిర్‌పోర్టుకు జీపు నిండా జనం వద్దు, మీ చెల్లెలూ వాడూ వస్తే చాలు. కడపకు ఐదారు గంటల దారి, వాణ్ని మీ పక్కన కూర్చోబెట్టుకోండి.