కోర్సు సంగతి సరే, ఇంటావిడకి లెక్క చెప్పారా?

ఉత్తరం: మాది సోంపేట దగ్గర పల్లె. వయసు 47. గల్ఫ్‌లోనూ జామ్‌నగర్‌లోనూ 22 ఏళ్లు పైప్ ఫిట్టర్‌గా చేశాను. మోకాళ్లు అరిగిపోయి పరంజా ఎక్కలేక వచ్చేశాను. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద చేసుకునే పని కావాలి. 85 వేలు కడితే ఆన్‌లైన్‌లో కోర్సు నేర్పి ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేరమంటారా? డిగ్రీ చదివే కూతురుంది. మా ఇంటిది మాత్రం మొహం చిట్లించుకుని ‘ఇలా ఎన్నాళ్లు?’ అంటోంది. తిత్లీ తుపానులో మా తమ్ముడి కొబ్బరితోట పడిపోతే ఆరు లక్షలు ఇచ్చాను. అది ఆమెకి తెలీదు.

జవాబు: చేరొద్దు. ముందు డబ్బు కట్టించుకుని ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల జోలికి పోవద్దు. ఇప్పటికే ఏదైనా కట్టి మోసపోయి ఉంటే ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు సంగతి మీరు చివర్లో మాటవరసకి రాసిన ఆ ఆరు లక్షలు. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చిపారేసింది. తమ్ముడి తోట నేలకూలితే అన్న ఆదుకోవడం ధర్మమే, అందుకు మిమ్మల్ని ఒక్క మాట అనను. కట్టుకున్నదానికి చెప్పకుండా ఇవ్వడం మాత్రం తప్పు. మీరు పంపిన డబ్బుతో 22 ఏళ్లు ఒంటిచేత్తో ఇల్లు నడిపిన మనిషి ఆమె. ఫీజులు, చీటీలు, పెద్దవాళ్ల మందులు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. మీ సంపాదనకీ ఉన్న డబ్బుకీ పొంతన కుదరట్లేదని ఆమెకి తట్టలేదనుకుంటున్నారా? ‘ఎన్నాళ్లు’ అన్న మాట నాకైతే మిమ్మల్ని మళ్లీ విమానం ఎక్కమన్నట్టు లేదు. చేతిలో ఎంత మిగిలిందో చెప్పమన్నట్టుంది. మీరు దానికి జవాబు చెప్పలేక కంప్యూటర్ వెనక చేరదామని చూస్తున్నారు.

ఇక పని. మీకు ఐసోమెట్రిక్ డ్రాయింగ్, అంటే పైపు లైను మలుపులూ కొలతలూ ఒకే బొమ్మలో చూపే డ్రాయింగు, చదవడం వచ్చు. ఫాబ్రికేషన్ కాంట్రాక్టరు కొటేషన్ ఇచ్చే ముందు షీటు షీటుకీ పైపు, ఎల్బో (మలుపు ముక్క), ఫ్లాంజి (బోల్టులతో బిగించే చక్రం) లెక్క తీయించుకోవాలి. ఈ మెటీరియల్ టేకాఫ్ సోంపేటలో కూర్చునైనా చేయొచ్చు. సాఫ్ట్‌వేర్ మాత్రమే తెలిసిన కుర్రాళ్లు ఎక్కడ తప్పుతారో మీకు చెప్పక్కర్లేదు. సెంటర్ నుంచి సెంటర్‌కి ఉన్న కొలతనే పైపు పొడవుగా వేసేస్తారు. ఆరంగుళాల లైన్లో లాంగ్ రేడియస్ (పెద్ద వంపు) ఎల్బో వచ్చిన ప్రతి వైపూ 229 మి.మీ. తీసేయాలని తట్టదు. ఆరంగుళాల క్లాస్ 150 ఫ్లాంజి జతకి ఎనిమిది స్టడ్ బోల్టులు, మధ్యలో పెట్టే ఒక గాస్కెట్ అయితే, ఒక్కో ఫ్లాంజికీ ఎనిమిదేసి రాసి రెట్టింపు చేస్తారు. ఫీల్డ్ వెల్డ్ (సైట్లో వేసే వెల్డింగ్) దగ్గర అదనంగా వదలాల్సిన పొడవు మరిచిపోతారు, సైట్లో పైపు చాలదు. జాయింట్లు ఇంచ్-డయాలోనూ (జాయింట్ల సంఖ్యని పైపు సైజు అంగుళాలతో గుణిస్తే వచ్చేది) చూపించండి. ఒక కొస వట్టి పైపు, మధ్యలో రెండు ఎల్బోలు, రెండో కొసన వెల్డ్ నెక్ ఫ్లాంజి ఉంటే ఐదు జాయింట్లు, అంటే ఆరంగుళాలకి 30 ఇంచ్-డయా. వర్క్‌షాపులో ఎన్ని, ఫీల్డులో ఎన్ని అని విడగొట్టండి. వెల్డర్ల ఖర్చు దాన్నిబట్టే కడతారు.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, దానికో పెద్ద మానిటర్ చాలు. ఫోన్లో డ్రాయింగు చూసి లెక్క తీస్తే అంకెలు తప్పుతాయి. ఎక్సెల్‌లో ఫిల్టర్, కూడికలు, సైజువారీ మొత్తాలు మీ అమ్మాయి దగ్గర నేర్చుకోండి. కూతురి పక్కన కూర్చుని నేర్చుకోవడంలో నామోషీ లేదు. లైన్ నంబరు, షీటు, రివిజన్ (డ్రాయింగు ఎన్నోసారి మార్చిందో), సైజు, షెడ్యూల్ (పైపు గోడ మందం), మెటీరియల్, సంఖ్య, ఇన్ని గడులు పెట్టుకోండి. రివిజన్ గడి వదిలేయకండి, పాత రివిజన్ మీద తీసిన లెక్కకి ఎవరూ డబ్బివ్వరు. సాధనకి మీ పెరట్లో బోరు మోటారు లైను కొలిచి ఐసోమెట్రిక్ గీసి, దానికే టేకాఫ్ తీయండి. పాత కంపెనీ డ్రాయింగులు మీ ఫోన్లో ఉంటే వాటిని వాడొద్దు, అవి మీవి కావు.

పని ఇచ్చేది వెబ్‌సైట్లు కాదు, మీ ఫోన్లో నంబర్లున్న ఫోర్‌మన్లు, ప్లానింగ్ ఇంజనీర్లు. పరవాడ, అచ్యుతాపురం వైపు చేసే కాంట్రాక్టర్ల దగ్గర మీ పాత మేట్లు ఎవరున్నారో వెతకండి. షీటుకి ఇంత అని వాట్సాప్‌లో రాయించుకుని, సగం ముందే తీసుకోండి. మొదట్లో ఒక నెల పని ఉంటుంది, రెండు నెలలు ఉండదు. ఆ రెండు నెలలూ ఇల్లు నడపాల్సింది మీ ఆవిడే, ఉన్నదెంతో తెలియకుండా ఎలా నడుపుతుంది?

కాబట్టి ల్యాప్‌టాప్ కొనే ముందే పాస్‌బుక్కులన్నీ ఆమె ముందు పెట్టి, ఆరు లక్షల సంగతి మీ నోటితో చెప్పండి. అమ్మాయి చేతో తమ్ముడి చేతో చెప్పించొద్దు. ఆమె కోప్పడితే పడనివ్వండి, మధ్యలో లేచి వెళ్లిపోకండి. తమ్ముణ్ని ఆ తర్వాత పిలవండి. కొబ్బరి కాపుకి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు, తుపాను తర్వాత వెంటనే నాటి ఉంటే ఈపాటికి కాయ దిగుతూ ఉండాలి. ఏడాదికి ఎంత తీర్చగలడో వదిన ముందే చెప్పమనండి, ఆ డబ్బు ఆవిడ చేతికే ఇమ్మనండి.